ఫిల్టర్ హౌసింగ్ ఐసొలేషన్ డ్యాంపర్లు: బిగింపు నుంచి లీకు పరీక్ష, మెయింటెనెన్స్ దాకా సమగ్ర మార్గదర్శి

ఘాటైన మందుల పొడి, సూక్ష్మజీవులు, విషపు ధూళి ఉండే గదుల గాలిని హెపా (అతి సన్నని ధూళినీ పట్టే) ఫిల్టర్లతో వడకట్టి బయటికి పంపేచోట, ఫిల్టర్లు పట్టే పెట్టెకు, అంటే ఫిల్టర్ హౌసింగ్‌కు, ముందొకటి, వెనకొకటి ఐసొలేషన్ డ్యాంపర్లు (గాలి గొట్టాన్ని, అంటే డక్టును, మూసే తిరుగుడు బ్లేడులు) ఉంటాయి. ఏడాది పొడవునా తెరుచుకునే ఉంటాయి కాబట్టి వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఫిల్టర్ మార్చే రోజు మాత్రం హౌసింగ్ తలుపు తీసే మనిషికీ డక్టులో పేరుకున్న ధూళికీ మధ్య అడ్డుగా నిలిచేవి ఆ రెండు బ్లేడులే.

"ప్యానెల్ మీద డ్యాంపర్ మూసుకున్నట్టే చూపిస్తోంది, అయినా ఫిల్టర్ మార్చేటప్పుడు బ్యాగు ఉబ్బుతోంది, ఎందుకు?" అనే ప్రశ్న పదే పదే వస్తోంది. బ్యాగు అంటే పాత ఫిల్టర్ బయటి గాలికి తగలకుండా తీసే ప్లాస్టిక్ సంచి. ప్యానెల్ లైటు చెప్పేది యాక్చువేటర్ (బ్లేడును తిప్పే యంత్రం) తిరిగిందని మాత్రమే. బ్లేడు తన సీటు (మూసినప్పుడు అది ఆనే అంచు) మీద సరిగ్గా కూర్చుందో లేదో తెలియాలంటే హౌసింగ్‌లో గాలి నింపి, పీడనం నిలబడుతోందో లేదో చూడాల్సిందే. ఈ మార్గదర్శిలోని ప్రతి దశా ఆ పరీక్షలో నెగ్గడానికి, ఏటేటా నెగ్గుతూ ఉండడానికి ఉద్దేశించినదే.

ఇక్కడ తీసుకున్న ఉదాహరణ మందుల కర్మాగారపు ఎగ్జాస్ట్ లైను: రెండు హెచ్14 తరగతి హెపా ఫిల్టర్లు పట్టే బ్యాగ్-ఇన్ బ్యాగ్-ఔట్ (సంచిలోంచే ఫిల్టర్ మార్చే) హౌసింగ్, రెండు వైపులా 400 మి.మీ. వ్యాసమున్న గుండ్రటి డ్యాంపర్లు, చివర బ్లోయర్. గది వైపు దాన్ని ఎగువ డ్యాంపర్ అనీ, బ్లోయర్ వైపు దాన్ని దిగువ డ్యాంపర్ అనీ పిలుద్దాం.

## 1. ఆర్డర్ పెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

ఐసొలేషన్ డ్యాంపర్ పని రెండే: పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం. గాలి మోతాదు సర్దడానికి దీన్ని సగం తెరిచి ఉంచకూడదు. అలా ఉంచితే బ్లేడు అదురుతుంది, షాఫ్టు బుష్‌లు (షాఫ్టు తిరిగే చోటి తొడుగులు) అరుగుతాయి, ధూళి నేరుగా గ్యాస్కెట్ (సందు మూసే రబ్బరు పట్టీ) అంచుకు కొడుతుంది. మోతాదు సర్దే పనికి వేరే వాల్యూమ్ కంట్రోల్ డ్యాంపర్ పెట్టండి, లేదా బ్లోయర్‌కు వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) వాడండి.

"లీకు తక్కువ", "ఎయిర్ టైట్" లాంటి మాటలతో ఆర్డర్ రాయకండి. ఎంత పీడనం దగ్గర, ఏ దిశలో, ఎంత లీకు అన్నది అంకెల్లో ఉండాలి. బబుల్ టైట్ డ్యాంపర్ అంటే సాధారణంగా 10 అంగుళాల నీటి మట్టం, అంటే సుమారు 2500 పాస్కల్ దగ్గర మూసిన బ్లేడు మీద సబ్బు నీళ్లు పూస్తే ఒక్క బుడగ కూడా రాకూడదు. పరీక్ష ఒకే దిశలో చేశారా, రెండు దిశల్లోనూ చేశారా అని అడిగి సర్టిఫికెట్‌లో రాయించుకోండి. ఒక దిశలో గాలి తోపు బ్లేడును సీటుకు అదుముతుంది, రెండో దిశలో సీటు నుంచి ఎత్తుతుంది. తేలిక దిశలో నెగ్గి కష్టమైన దిశలో ఓడే డ్యాంపర్లు ఉంటాయి.

గ్యాస్కెట్‌కు మామూలుగా ఈపీడీఎమ్ రబ్బరు గానీ సిలికోన్ రబ్బరు గానీ సరిపోతుంది. ఫార్మాలిన్ పొగ పెడతారా, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి పంపుతారా, ద్రావకాల ఆవిర్లు వస్తాయా అన్నది తయారీదారుకు ముందే చెప్పండి. నైట్రైల్ రబ్బరు పెరాక్సైడ్‌కూ ఓజోన్‌కూ తట్టుకోదు, పగుళ్లిస్తుంది. లోహం విషయానికొస్తే, విశాఖ, పరవాడ లాంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) 304 మీద గోధుమ రంగు మచ్చలు త్వరగా వస్తాయి. అక్కడ ఎస్ఎస్ 316ఎల్ తీసుకోవడమే మేలు.

కరెంటు గానీ యాక్చువేటర్‌ను నడిపే గాలి గానీ పోతే డ్యాంపర్ మూసుకోవాలా, తెరుచుకోవాలా, ఉన్నచోటే ఆగాలా? ఇది మెకానికల్ వాళ్లు ఒక్కరే తేల్చే విషయం కాదు, ప్రొడక్షన్, సేఫ్టీ వాళ్లతో కూర్చుని రాతపూర్వకంగా తేల్చండి. అన్ని డ్యాంపర్లకూ ఒకే జవాబు ఉండదు.

## 2. సరుకు దిగాక, బిగించే ముందు

పెట్టె విప్పగానే డ్యాంపర్‌ను పైకి ఎక్కించెయ్యకండి. నేల మీద ఉన్నప్పుడు పది నిమిషాల్లో కనిపించే లోపాన్ని పైన బిగించాక పట్టుకోవడానికి పూటంతా పడుతుంది.

- ట్యాగ్ నంబరు, సర్టిఫికెట్‌లోని సీరియల్ నంబరు ఒకటేనా?
- కేసింగ్ (డ్యాంపర్ బయటి చట్రం) లోపలి వ్యాసాన్ని నాలుగు దిక్కుల్లో కొలవండి. కొలతల తేడా తయారీదారు ఇచ్చిన పరిమితికి మించితే రవాణాలో కోలగా అయినట్టే.
- రెండు ఫ్లాంజుల (చివర బోల్టులు పట్టే అంచుల) మీదా సూటి పట్టీ పెట్టి వంపు చూడండి.
- గ్యాస్కెట్ చుట్టూ వేలితో తడమండి. కోత, నొక్కు, అతుకు దగ్గర ఎత్తుపల్లం ఉండకూడదు.
- బ్లేడు తిప్పి చూడండి. ఎక్కడా పట్టేయకుండా సాఫీగా తిరగాలి.
- షాఫ్టు చివర బ్లేడు దిశ చూపే గాడి ఉందా? లేకపోతే తయారీదారుతో పెట్టించండి.

ఈ చివరి అంశాన్ని వదిలేయకండి. పెయింటు గీత చెరిగిపోతుంది, స్టిక్కర్ ఊడిపోతుంది. షాఫ్టు లోహంలో చెక్కిన గాడి మాత్రం బ్లేడు ఎటు తిరిగి ఉందో పదేళ్ల తర్వాతైనా సరిగ్గా చూపిస్తుంది.

బిగించేదాకా డ్యాంపర్‌ను నీడలో, బ్లేడు కాస్త తెరిచి ఉంచండి. నెలల తరబడి మూసి ఉంచితే గ్యాస్కెట్ నొక్కుకుపోయి తన మందం తిరిగి పొందలేదు. ఆ నొక్కు తర్వాత లీకుగా బయటపడుతుంది.

## 3. చోటు, దిశ, షాఫ్టు పడక

తెరిచినప్పుడు బ్లేడు కేసింగ్ దాటి బయటికి వస్తుంది. 400 మి.మీ. బ్లేడు, 200 మి.మీ. పొడవున్న కేసింగ్ అయితే అటూ ఇటూ 100 మి.మీ. చొప్పున పొడుచుకొస్తుంది. పక్కనున్న ట్రాన్సిషన్ (డక్టు ఆకారం మారే భాగం) గోడ, శాంప్లింగ్ గొట్టం, మరో డ్యాంపర్ బ్లేడు దానికి తగలకుండా చూడండి. డ్రాయింగ్‌లో కేసింగ్ ఒక్కటే గీసి బ్లేడు తిరుగుడును మరిచిపోవడం తరచూ జరుగుతుంది.

పడుకున్న డక్టులో షాఫ్టు కూడా నేలకు సమాంతరంగా ఉండాలి. నిలువుగా పెడితే కింది బుష్‌లో, గ్లాండ్‌లో (షాఫ్టు బయటికొచ్చే చోటి సీల్‌లో) పొడీ, చెమ్మా చేరి గట్టిపడతాయి. ఏడాది తిరిగేసరికి డ్యాంపర్ బిగుసుకుంటుంది.

దిశ బాణం గాలి పారే వైపుకే ఉండాలని చాలామంది అనుకుంటారు. తయారీదారు బాణం కొన్నిసార్లు గాలి దిశనూ, కొన్నిసార్లు పరీక్ష పీడనం దిశనూ చూపుతుంది. దేన్ని చూపుతోందో డేటాషీట్‌లో చూశాకే బిగించండి.

ఇంకో రెండు ఏర్పాట్లు ఇప్పుడే చేసుకోవాలి, తర్వాత కుదరవు. ఒకటి, ప్రతి డ్యాంపర్‌కూ డక్టు వైపున చేయి పట్టేంత తనిఖీ తలుపు. రెండు, రెండు డ్యాంపర్ల మధ్య హౌసింగ్ మీద పరీక్షకు కనీసం మూడు పోర్టులు: గాలి నింపడానికి ఒకటి, పీడనం చదవడానికి ఒకటి, ఉష్ణోగ్రత చూడడానికి ఒకటి. నింపే పోర్టులోనే పీడనం కొలిస్తే గాలి వేగం వల్ల అంకె తప్పుతుంది.

## 4. బిగింపు, వరుస క్రమంలో

ముందుగా డక్టు సపోర్టులు పూర్తి చేయండి. డక్టు బరువు ఒక్క కిలో కూడా డ్యాంపర్ కేసింగ్ మీద పడకూడదు. డ్యాంపర్ తీసేసినా ఆ ఖాళీ అలాగే నిలబడాలి, రెండు ఫ్లాంజులూ ఎదురెదురుగా సమాంతరంగా ఉండాలి. ఫ్లాంజుల మధ్య తేడా ఉంటే డక్టును సరిచేయండి. బోల్టులతో లాగి కలిపితే ఆ వంపు డ్యాంపర్ సీటుకు చేరుతుంది.

వెల్డింగ్ మిగిలి ఉంటే డ్యాంపర్ స్థానంలో అదే పొడవున్న డమ్మీ స్పూల్ పెట్టి పూర్తి చేయండి. బిగించిన డ్యాంపర్ పక్కన ఫ్లాంజ్ వెల్డింగ్ చేయడమే సైటులో జరిగే అతి ఖరీదైన తప్పు. ఆ వేడికి కేసింగ్ వంగుతుంది, గ్యాస్కెట్ కమిలిపోతుంది, నిప్పురవ్వలు సీటు మీద గుంతలు పెడతాయి. పైకి మాత్రం ఏమీ కనిపించదు.

ఆ తర్వాత క్రమం ఇది:

1. డక్టు లోపల తుడవండి. వెల్డింగ్ పొట్టు, రజను సీటు మీద పడితే మొదటి మూతకే గ్యాస్కెట్ కోసుకుపోతుంది.
2. ఫ్లాంజ్ గ్యాస్కెట్ ఒకే ముక్కగా కోసింది వాడండి. అతుకు తప్పనిసరైతే ఒకదానిలో ఒకటి ఇమిడేలా కోసి కలపండి. ఎదురెదురు అంచులు ఊరికే ఆనిస్తే అక్కడ తప్పకుండా లీకవుతుంది.
3. బ్లేడు మూసి ఉంచి డ్యాంపర్‌ను ఫ్లాంజుల మధ్యకు దించండి. తెరిచి దించితే పొడుచుకొచ్చిన అంచు దెబ్బతింటుంది.
4. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పండి. స్టెయిన్‌లెస్ బోల్టులు స్టెయిన్‌లెస్ నట్టుల్లో పట్టేసి ఇక కదలకుండా పోతాయి కాబట్టి యాంటీ-సీజ్ పేస్టు తప్పనిసరి.
5. ఒకదానికి ఎదురు మరొకటి చొప్పున, మూడు విడతలుగా బిగించండి: ముందు మూడో వంతు, తర్వాత మూడింట రెండు వంతులు, ఆఖరున పూర్తిగా.
6. మెత్తని గ్యాస్కెట్‌కు టార్క్ అంకె ఒక్కటే చాలదు. ఫ్లాంజుల మధ్య సందును చుట్టూ ఎనిమిది చోట్ల ఫీలర్ గేజ్‌తో కొలిచి సమానంగా ఉందో లేదో చూడండి.
7. బిగింపు అయ్యాక బ్లేడును పూర్తిగా తెరిచి, మూసి చూడండి. నేల మీద తిరిగినంత సాఫీగా ఇక్కడ తిరగకపోతే కేసింగ్ మెలిపడింది. బోల్టులు వదులు చేసి సపోర్టుల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.
8. మరునాడు మళ్లీ ఒకసారి బిగింపు చూడండి. గ్యాస్కెట్ ఒక రాత్రిలో కొంత కుంగుతుంది.

ఆర్‌టీవీ సీలెంట్‌తో (గది వేడికే గట్టిపడే రబ్బరు జిగురుతో) లీకులు కప్పెయ్యడం మాత్రం వద్దు. పరీక్ష నాటికి నిలుస్తుంది, తర్వాత అదురుకు ఊడుతుంది. పైగా అసలు లోపం ఎక్కడుందో కనిపించకుండా చేస్తుంది.

## 5. యాక్చువేటర్, లిమిట్ స్విచ్

400 మి.మీ. బ్లేడు ఒక్క డిగ్రీ తక్కువ తిరిగితే దాని అంచు సీటుకు దాదాపు 3.5 మి.మీ. దూరంలో ఆగుతుంది. మూడు డిగ్రీలు తక్కువైతే 10 మి.మీ. పైనే. మూత సంగతి ప్యానెల్‌కు చెప్పే మామూలు లిమిట్ స్విచ్ క్యామ్‌ను అజాగ్రత్తగా సర్దితే ఆ మూడు డిగ్రీల ముందే "మూసుకుంది" అని చెప్పేస్తుంది. ప్యానెల్ లైటుకూ అసలు మూతకూ మధ్య తేడా పుట్టేది ఇక్కడే.

అందుకే సర్దుబాటు వరుస తిరగబడకూడదు. ముందు బ్లేడును చేత్తో సీటు మీద కూర్చోబెట్టండి, షాఫ్టు గాడి చూసి నిర్ధారించుకోండి. తర్వాత యాక్చువేటర్ స్టాప్ బోల్టును ఆ స్థానానికి సర్ది లాక్‌నట్ బిగించండి. లీకు పరీక్ష నెగ్గాక, అన్నిటికంటే చివర, లిమిట్ స్విచ్ క్యామ్ సర్దండి. బ్లేడు స్టాప్‌కు తగిలే ఆఖరి డిగ్రీలోనే స్విచ్ మారాలి.

గాలితో నడిచే యాక్చువేటర్ అయితే:

- కంప్రెసర్ గది దగ్గర కాదు, యాక్చువేటర్ ముందున్న గేజ్ దగ్గర, డ్యాంపర్ కదులుతుండగా పీడనం చూడండి. ఆగి ఉన్నప్పుడు 6 బార్ చూపే లైను కదలికలో బాగా పడిపోతుంటే పైపు సన్నదైనా అయ్యుండాలి, ఫిల్టర్ మూసుకుపోయైనా ఉండాలి.
- యాక్చువేటర్ సైజు ప్లాంటులో వచ్చే కనిష్ఠ గాలి పీడనానికి లెక్కకట్టి ఉండాలి, సగటు పీడనానికి కాదు.
- సోలనాయిడ్ (యాక్చువేటర్‌కు గాలి ఇచ్చి ఆపే కరెంటు వాల్వ్) గాలి విడిచే రంధ్రానికి సైలెన్సర్ ఉందా చూడండి. అది ధూళితో మూసుకుంటే స్ప్రింగ్ మూత నెమ్మదిస్తుంది.
- గాలి లైను తీసేసి, కరెంటు తీసేసి, రెండు విధాలా పరీక్షించండి. రెండుసార్లూ మొదటి విభాగంలో రాసుకున్న స్థితికే రావాలి.
- తెరవడానికి, మూయడానికి పట్టిన సెకన్లు రాసి పెట్టండి. ఈ అంకెలు తర్వాత చాలా పనికొస్తాయి.

## 6. ప్రెజర్ డికే పరీక్ష

ప్రెజర్ డికే అంటే గాలి నింపి మూసేసి, పీడనం ఎంత పడుతోందో చూడడం. డక్టులోకి కలుషిత గాలి ఇంకా రాకముందే ఈ పరీక్ష జరగాలి. సబ్బు నీళ్లు పట్టుకుని ఎగువ డ్యాంపర్ గది వైపుకు వెళ్లగలిగేది ఈ ఒక్కసారే.

భద్రత మొదట. 2500 పాస్కల్ వినడానికి చిన్న అంకె. కానీ 0.35 చదరపు మీటర్ల హౌసింగ్ తలుపు మీద అది దాదాపు 90 కిలోల బరువంత తోపు, 400 మి.మీ. బ్లేడు మీద 32 కిలోలంత. హౌసింగ్ ఆ పీడనానికి తయారైందో లేదో ముందు చూడండి. పీడనం ఉండగా తలుపు బిగింపులు ముట్టుకోవద్దు. 6 బార్ ప్లాంటు గాలిని నేరుగా కలపకండి, అది పరీక్ష పీడనానికి 240 రెట్లు. రెగ్యులేటర్, నీడిల్ వాల్వ్, రిలీఫ్ వాల్వ్ మూడూ ఉండాలి.

పరీక్ష వరుస:

1. రెండు డ్యాంపర్లనూ యాక్చువేటర్లతోనే మూయండి. చేత్తో అదిమి మూసిన డ్యాంపర్ మీద చేసిన పరీక్ష చెల్లదు.
2. హౌసింగ్ తలుపులు, వాడని పోర్టులు మూయండి.
3. నెమ్మదిగా గాలి నింపి 2500 పాస్కల్‌కు తెచ్చి, వాల్వ్ కట్టేసి, గొట్టం ఊడదీయండి. గొట్టం అలాగే ఉంచితే కారే వాల్వ్ లోపలికి గాలి నింపుతూ లీకును దాచేస్తుంది.
4. కనీసం అరగంట అలాగే వదలండి. నింపిన గాలి, లోహం ఒకే ఉష్ణోగ్రతకు రావాలి. అవసరమైతే మళ్లీ 2500కు సర్దండి.
5. పీడనం, లోపలి ఉష్ణోగ్రత, బయటి వాతావరణ పీడనం మూడూ ఒకేసారి రాయండి.
6. 30 నిమిషాల తర్వాత మళ్లీ మూడూ రాయండి.

మూడూ ఎందుకు రాయాలో లెక్క చూస్తే తెలుస్తుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, వాతావరణ పీడనం అక్కడ 95,000 పాస్కల్ దగ్గర ఉంటుంది. మూసిన హౌసింగ్‌లో గాలి ఒక్క డిగ్రీ చల్లబడితే, లీకేమీ లేకుండానే పీడనం దాదాపు 320 పాస్కల్ పడిపోతుంది. వాతావరణ పీడనం కూడా రోజూ మారుతుంది. మన ప్రాంతాల్లో ఉదయం 10 గంటల ప్రాంతంలో ఎక్కువ, సాయంత్రం 4 ప్రాంతంలో తక్కువ ఉంటుంది. తేడా మామూలుగా 300 నుంచి 400 పాస్కల్. గేజ్ చూపేది లోపలికీ బయటికీ ఉన్న తేడానే కాబట్టి బయటి పీడనం పెరిగితే అది తగ్గి చూపిస్తుంది.

ఒక ఉదాహరణ. హౌసింగ్ లోపలి ఘనపరిమాణం 1.2 ఘనపు మీటర్లు.

- మొదట్లో: గేజ్ 2500, వాతావరణం 95,000, మొత్తం 97,500 పాస్కల్. ఉష్ణోగ్రత 30.0 డిగ్రీలు.
- 30 నిమిషాలకు: గేజ్ 2400, వాతావరణం 95,030, మొత్తం 97,430 పాస్కల్. ఉష్ణోగ్రత 29.8 డిగ్రీలు.

గేజ్ ప్రకారం 100 పాస్కల్ పోయింది. రెండో మొత్తాన్ని మొదటి ఉష్ణోగ్రతకు సరిచేద్దాం. డిగ్రీలకు 273.15 కలిపి కెల్విన్‌లోకి మార్చి, 97,430ని 303.15తో గుణించి 302.95తో భాగిస్తే సుమారు 97,494 వస్తుంది. అంటే నిజంగా పోయింది 6 పాస్కల్. మిగతా 94లో 64 చల్లబడడం వల్ల, 30 వాతావరణం వల్ల.

లీకు పరిమాణానికి: 6ను 97,500తో భాగించి 1200 లీటర్లతో గుణిస్తే అరగంటకు 0.07 లీటరు, గంటకు సుమారు 0.15 లీటరు. హౌసింగ్ పరిమాణంలో ఇది గంటకు 0.012 శాతం. సరిచేయకుండా 100 పాస్కల్‌నే నమ్మి ఉంటే గంటకు 0.2 శాతం అని రాసి, మంచి డ్యాంపర్‌ను విప్పేవాళ్లం. గాలి చల్లబడకుండా వేడెక్కి ఉంటే నిజమైన లీకే దాక్కునేది, అది ఇంకా ప్రమాదం.

ఉత్తీర్ణత హద్దు మీ డిజైన్ పత్రంలో ఉన్నదే. పోలిక కోసం, కంటెయిన్‌మెంట్ ఆవరణలకు ఐఎస్ఓ 10648-2 గంటకు పరిమాణంలో శాతంగా తరగతులు పెట్టింది: రెండో తరగతికి 0.25 శాతం, మూడో తరగతికి 1 శాతం. ఆ తరగతులకు పరీక్ష పీడనాలు వేరు, అంకెలను నేరుగా అంటగట్టకండి.

థర్మామీటర్ 0.1 డిగ్రీ తప్పు చూపితే 32 పాస్కల్ తేడా వస్తుంది. కాబట్టి రెండు మూడు సెన్సర్లు పెట్టి సగటు తీయండి, వీలైతే పరీక్షను గంటకు పొడిగించండి. డాబా మీద హౌసింగ్ ఉంటే ఎండ పొడ తగలని వేళ, తెల్లవారకముందు చేయడం మంచిది. పరీక్ష జరుగుతుండగా పక్కన ఏహెచ్‌యూ (గదికి గాలి పంపే యంత్రం) ఆన్ చేసినా, ఎవరైనా నీళ్లతో కడిగినా ఆ పరీక్ష రద్దు చేసి మళ్లీ మొదలుపెట్టండి.

## 7. పీడనం నిలబడకపోతే, లీకు ఎక్కడ?

తేలిగ్గా చేరుకోగల చోటు నుంచి మొదలుపెట్టి లోపలికి వెళ్లండి. 2500 పాస్కల్ దగ్గర ఉంచి, క్లోరైడ్ లేని లీకు పరీక్ష ద్రవం పూయండి.

- మొదట హౌసింగ్ తలుపు గ్యాస్కెట్. ఎక్కువ లీకులు ఇక్కడే, డ్యాంపర్‌లో కాదు.
- తర్వాత పోర్టులు, గేజ్ గొట్టాల అతుకులు.
- ఫ్లాంజులు, ముఖ్యంగా గ్యాస్కెట్ అతుకులు.
- షాఫ్టు గ్లాండ్లు, రెండు చివరలా.
- ఆఖరున తనిఖీ తలుపు తెరిచి, బ్లేడు చుట్టూ.

బ్లేడు దగ్గర బుడగలు కనిపిస్తే అవి ఎక్కడున్నాయో చూడండి. షాఫ్టుకు ఇరువైపులా అంచు పొడవునా వస్తుంటే మూత పూర్తి కాలేదు, స్టాప్ సర్దాలి. షాఫ్టు గ్యాస్కెట్‌ను దాటేచోట మాత్రమే వస్తుంటే అక్కడి సీల్ చూడాలి. ఒకే చోట వస్తుంటే కోత గానీ ఇరుక్కున్న రజను గానీ. ఎదురెదురుగా రెండు చోట్ల వస్తుంటే కేసింగ్ కోలగా అయింది, ఫ్లాంజ్ బిగింపుకూ సపోర్టులకూ తిరిగి వెళ్లండి.

పరీక్ష అయ్యాక ద్రవాన్ని నీళ్లతో తుడిచి ఆరబెట్టండి.

## 8. ఇంటర్‌లాక్

బ్లోయర్ నడుస్తుండగా డ్యాంపర్ మూసుకుంటే డక్టు లోపలికి నొక్కుకుపోవచ్చు. డ్యాంపర్ "పూర్తిగా తెరుచుకుంది" అన్న సిగ్నల్ లేనిదే బ్లోయర్ మొదలవకూడదు. ఆ సిగ్నల్ పోతే బ్లోయర్ ఆగాలి. ఈ రెండింటినీ వైరు తీసి నిజంగా పరీక్షించండి, స్క్రీన్ మీద సిమ్యులేట్ చేసి సరిపెట్టకండి.

నెగెటివ్ పీడనంలో (బయటికంటే తక్కువ పీడనంలో) ఉంచాల్సిన గదులకు క్రమం: మొదలుపెట్టేటప్పుడు ముందు ఎగ్జాస్ట్ (గాలిని బయటికి లాగేది), తర్వాత సప్లై (గదిలోకి గాలి పంపేది). ఆపేటప్పుడు ముందు సప్లై, తర్వాత ఎగ్జాస్ట్. ఎగ్జాస్ట్ డ్యాంపర్ అనుకోకుండా మూసుకుంటే సప్లై కూడా వెంటనే ఆగాలి. లేకపోతే గది పాజిటివ్‌గా మారి ధూళి కారిడార్‌లోకి వస్తుంది.

## 9. ఫిల్టర్ మార్చే రోజు

తలుపు ముట్టుకునే ముందు ఇవన్నీ టిక్ పడాలి:

- వర్క్ పర్మిట్ ఉంది, బ్లోయర్‌కు తాళం, ట్యాగ్ పడ్డాయి.
- సప్లై ఆగింది.
- రెండు డ్యాంపర్లూ మూసుకున్నట్టు షాఫ్టు గాడి దగ్గర కళ్లతో చూశాం.
- యాక్చువేటర్ గాలి లైను మూసి, తాళం వేసి, పీడనం వదిలేశాం. స్ప్రింగ్‌తో తెరుచుకునే రకమైతే మెకానికల్ లాక్ పెట్టాం.
- హౌసింగ్‌లోని పీడనం పది నిమిషాలుగా స్థిరంగా ఉంది.
- పని చేసేవాళ్లు ఆ పదార్థానికి తగిన మాస్కు, సూట్ వేసుకున్నారు.

పక్కపక్కన రెండు హౌసింగ్‌లు ఒకే బ్లోయర్‌కు కలిసి, దాన్ని ఆపడం కుదరక ఒకటి నడుస్తుండగా రెండోదానిలో ఫిల్టర్ మారుస్తుంటే డ్యాంపర్లకు అసలు పరీక్ష అదే. బ్యాగు లోపలికి బలంగా లాక్కుంటే దిగువ డ్యాంపర్ నుంచి బ్లోయర్ గుంజుతోంది. బ్లోయర్ ఆగి ఉన్నప్పుడు బ్యాగు ఉబ్బితే ఎగువ డ్యాంపర్ నుంచి గది గాలి తోస్తోంది, అంటే కలుషిత గాలి. ఉబ్బడం కనిపించిన క్షణం పని ఆపి, తలుపు వేసి, కారణం తేల్చాకే కొనసాగించండి. టేపు వేసి, చేత్తో అదిమి పట్టి పూర్తి చేయాలని చూడకండి.

## 10. మెయింటెనెన్స్

నెలకోసారి: ప్రొడక్షన్ లేని వేళ డ్యాంపర్‌ను పూర్తిగా మూసి తెరవండి. కదలకుండా ఉన్న గ్యాస్కెట్ లోహానికి అతుక్కుంటుంది, ఏడాది తర్వాత ఒక్కసారిగా కదిపితే చిరుగుతుంది. సెకన్లు రాయండి. మొదటి రోజు అంకె కంటే సగం ఎక్కువ పడుతుంటే గాలి లైను, సైలెన్సర్, బుష్‌లు చూడాలి.

మూడు నెలలకోసారి: ఫ్లాంజ్ బోల్టులు, యాక్చువేటర్ బ్రాకెట్, కప్లింగ్ కీ, లాక్‌నట్లు. షాఫ్టు గాడి, యాక్చువేటర్ సూచిక, ప్యానెల్ సిగ్నల్ మూడూ ఒకే మాట చెబుతున్నాయా పోల్చండి. తేడా వస్తే నమ్మాల్సింది గాడినే.

ఏడాదికోసారి, ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ: ప్రెజర్ డికే పరీక్ష. ఇప్పుడు ఎగువ వైపు తెరవలేం కాబట్టి మొదటి పరీక్ష అంకెతో పోల్చి చూడాలి. ఆ అంకె రాసి పెట్టుకోని చోట ఏటా అంచనాలతోనే గడుస్తుంది.

గ్రీజు విషయంలో జాగ్రత్త. ఈపీడీఎమ్‌కు పెట్రోలియం గ్రీజు తగిలితే ఉబ్బుతుంది, దానికి సిలికోన్ గ్రీజు వాడాలి. సిలికోన్ రబ్బరుకు సిలికోన్ గ్రీజే పడదు, ఫ్లోరినేటెడ్ గ్రీజు వాడాలి. స్టోర్‌లో ఉన్న డబ్బా ఏదైతే అది రాసెయ్యకూడదు.

శుభ్రం చేసేటప్పుడు కంప్రెసర్ గాలి కొట్టవద్దు, చీపురు వద్దు. తడి గుడ్డతో ఒకే దిశలో తుడిచి, ఆ గుడ్డను వ్యర్థాల సంచిలో వేయండి. బ్లీచింగ్ ద్రావణం వాడక తప్పకపోతే నిర్ణీత సమయం కాగానే మంచి నీళ్లతో తుడవండి. క్లోరైడ్ నిలిచిపోతే స్టెయిన్‌లెస్ మీద సన్నని గుంతలు పడతాయి. సీటు మీద పడ్డ గుంతను ఏ గ్యాస్కెట్టూ పూడ్చలేదు.

## 11. వాడిన డ్యాంపర్‌ను విప్పాల్సి వస్తే

గ్యాస్కెట్ మార్చాలన్నా, బుష్ మార్చాలన్నా ఎగువ డ్యాంపర్ విప్పడమంటే కలుషిత డక్టును తెరవడమే. దానికి డికంటామినేషన్ ముందు, స్పానర్ తర్వాత. సూక్ష్మజీవుల ల్యాబ్ అయితే ఫ్యూమిగేషన్ జరిగి, బయోలాజికల్ ఇండికేటర్ (సూక్ష్మజీవులు చచ్చాయో లేదో చూపే పరీక్ష) ఫలితం వచ్చేదాకా ఆగాలి. మందుల పొడి అయితే ఆ పదార్థానికి నిర్ణయించిన ద్రావణంతో తడి శుభ్రత.

ఫ్లాంజ్ చుట్టూ గ్లోవ్ బ్యాగు కట్టి అందులోనే బోల్టులు విప్పండి. డ్యాంపర్ బయటికి వచ్చిన నిమిషంలో డక్టు రెండు నోళ్లకూ మూతలు పడేలా బ్లాంకులు, బోల్టులు ముందే సిద్ధంగా ఉంచండి. కొత్త గ్యాస్కెట్ వేసిన డ్యాంపర్‌ను తిరిగి పెట్టే ముందు వర్క్‌షాపులో ఒక వైపు బ్లాంకు బిగించి, ఆ వైపు నుంచి 2500 పాస్కల్ ఇచ్చి బబుల్ టెస్టు చేయండి, తర్వాత రెండో వైపు నుంచీ అలాగే చేయండి. పైకి ఎక్కించాక ఎగువ వైపు సబ్బు నీళ్లతో చూసే వీలు మళ్లీ ఉండదు. తర్వాత నాలుగో విభాగం మొదటి అంకె నుంచి మొదలుపెట్టి, ఆరో విభాగపు పరీక్షతో ముగించి, కొత్త లీకు అంకెను, తేదీని, గ్యాస్కెట్ రకాన్ని డ్యాంపర్ ట్యాగ్ మీదే చెక్కించండి.